గణితకవి పావులూరి మల్లన

ఆంధ్రవాఙ్మయ చరిత్రమును దెఱచిన వారికెల్లరకు మొట్టమొదట గోచరించు మూర్తి నన్నయభట్టారకుడు. రాజమహేంద్రవరమున చాళుక్యప్రభువగు రాజరాజనరేంద్రుని కొలువులో మహాభారతము తెనుగునకు దిగిన వృత్తాంతము పాఠశాలలోని బాలురకు సైతము కంఠస్థము. ఆ కాలమునకు మిక్కిలి చేరువలోనే మఱియొక సంస్కృతగ్రంథము తెలుగు పద్యములలోనికి వచ్చెననియు, అది కథయు పురాణమును గాక కేవలము లెక్కల పుస్తకమనియు ఎఱిగిన వారు కొలదిమంది. ఆ గ్రంథకర్త పావులూరి మల్లన.

మన మహాసభా సంచికలో ఏటేట ఒక పూర్వపురుషుని చరిత్రము ప్రకటించుట ఆచారముగా వచ్చుచున్నది. ఈ యేడు ఆ భారము సంపాదకులు నాపై నుంచిరి. నేను సంస్కృతాంధ్రములు చదివి, బడిపంతులనై, ముప్పదియేండ్లకు మించి నల్లగొండ మండలమున పాఠములు చెప్పి, ఇపుడు విశ్రాంతి గొని నార్కట్‌పల్లిలో నున్నవాడను. కవిని గూర్చి వ్రాయుమన్నచో పోతననో, పాల్కురికి సోమనాథునో చేపట్టుదునని వారు తలచి యుందురు. మల్లనను చేపట్టుటకు నాకొక సొంతకారణము గలదు. దానిని యథాస్థానమున విన్నవింతును.

మల్లన యింటిపేరైన పావులూరు కమ్మనాటిలోనిది. నేటి ఇంకొల్లు సమీపమున నున్న పావులూరే యది యని పలువురు పండితుల యభిప్రాయము. మా యూరి కూడలియొద్ద హైదరాబాదు-విజయవాడ రహదారి నుండి చీలి పోవు బాట నల్లగొండ, మిర్యాలగూడల మీదుగ సాగి, వాడపల్లి కడ కృష్ణను దాటి, పల్నాటి గుండా అద్దంకి చేరును. అద్దంకికి తూర్పుగ ఇంకొల్లు. అద్దంకి బాట పట్టు లారీలను జూచినపుడెల్ల, ఈ దారి కొసనే గదా మన మొదటి లెక్కలపంతులు పుట్టిన సీమ యున్నదని యనుకొనుట నాకలవాటైనది.

మల్లన తండ్రి శివ్వన. తాతపేరును మల్లనయే. 1022 లో పట్టాభిషిక్తుడై 1061 వఱకు నేలిన రాజరాజనరేంద్రుడు పీఠికాపుర సమీపముననున్న నవఖండవాడను మల్లన యనువానికి అగ్రహారముగ నిచ్చెను. ఈ ప్రతిగ్రహీత కవియా, కవి తాతయా యన్నది చాలకాలముగ నడచుచున్న వివాదము. కవియే యనువారు అతనిని నన్నయకు సమకాలికునిగ జేయుదురు. తాత యనువారు కవిని రెండు తరములు క్రిందికి దింపి, 11వ శతాబ్ది చివరను, 12వ శతాబ్ది మొదటను నిలుపుదురు. నాకు రెండవ పక్షమే సమంజసముగ దోచుచున్నది. తాతపేరు మనుమనికి బెట్టుట మన యిండ్లలో నేటికిని జరుగుచున్నదే. ఒకే పేరు గల యిద్దఱిని ఒకనిగ భావించుట లోకమున సులభముగ జరుగు పొరపాటే. ఏ పక్షము నెగ్గినను, తెలుగున శాస్త్రగ్రంథము రచించిన తొలివారిలో మల్లన అగ్రగణ్యుడనుటకు భంగము లేదు.

ఇక నాతడు తెనిగించిన మూలమును గూర్చి కొంత చెప్పవలయును. దాని పేరు గణితసారసంగ్రహము. కర్త జైనుడైన మహావీరాచార్యుడు. రాష్ట్రకూటచక్రవర్తి యగు అమోఘవర్ష నృపతుంగుని కాలమున, అనగా సుమారు 850 ప్రాంతమున, ఈ గ్రంథము పుట్టెను. ఆ చక్రవర్తి రాజధాని మాన్యఖేటము. నేటి మాల్ఖేడు అదియే. 1956 వఱకు అది మన హైదరాబాదు రాజ్యములోని గుల్బర్గా జిల్లాకు జెందియుండినది. వేయికి మించిన శ్లోకములలో మహావీరుడు సంఖ్యాస్థానములు, పరికర్మలు, భిన్నములు, త్రైరాశికము, వడ్డీలు, బంగారపు వన్నెలు, క్షేత్రఫలములు, గోతుల ఘనఫలములు, నీడలను బట్టి యెత్తును గణించుట వఱకు సమస్తమును క్రమముగ జెప్పెను. అంతకుముందు గణితము జ్యోతిషగ్రంథములలో ఒక యధ్యాయముగ నణగి యుండెడిది. దానిని ప్రత్యేకించి, బిడ్డలకు బోధింపదగు పుస్తకముగ గూర్చినది మహావీరుని ఘనత. నేడు పదవ తరగతి విద్యార్థి చేయు లెక్కలలో పెక్కింటికి మాతృక అందు గనబడును.

మల్లన చేసినది మక్కికి మక్కి తెనిగింపు గాదు. మహావీరుడు వర్గము గట్టుటకు అయిదు విధములును, ఘనము గట్టుటకు ఏడు విధములును జెప్పగా, మల్లన ఒక్కొక్కదానికి ఒక్కొక్క విధమునే గ్రహించి తక్కినవి విడిచెను. పండితులు దీనిని లోపమని యందురేమో. నల్లబల్ల యెదుట నిలిచినవా డట్లనడు. ఒక బాలునికి ఒకేదినమున ఏడుదారులు జూపినచో వాడు ఏడింటి మొదటను నిలిచి యేడ్చును. జినపూజా విషయములైన యుదాహరణములకు మాఱుగ శివపూజా విషయములను బెట్టెను. నాణెములు, కొలతలు తెలుగుసీమవి వాడెను. అందుచేతనే ప్రాచీనాంధ్రుల మానములను దెలిసికొన గోరు చరిత్రకారులు నేటికిని ఈ గ్రంథము నాశ్రయింతురు. పరాయి మానములతో లెక్క చెప్పినచో శిష్యునికి సూత్రము తెలిసినను సమాధానము తగినదో కాదో స్ఫురింపదు. గింజలకొలతలో నొకపూట కూటికి నాలుగు పుట్ల ధాన్యము వచ్చినదన్నచో ఏ యింటి యిల్లాలైనను నవ్వును. అదే తెలియని కొలతలో జెప్పినచో నవ్వుటకును వీలుండదు. లెక్క సరిచూచుటలో మొదటిమెట్టు ఈ నవ్వే యని నా యనుభవము.

మహావీరుని పుస్తకమున నాకు మిక్కిలి యిష్టమైన లెక్క యొకటి యున్నది. మువ్వురు వర్తకులు త్రోవలో నొక ధనపు సంచిని జూచిరి. ఆ సంచి నాకు వచ్చినచో మీ యిద్దఱి సొమ్మునకు రెట్టింపు నాయొద్ద నుండునని మొదటివాడును, మూడు రెట్లుండునని రెండవవాడును, అయిదు రెట్లుండునని మూడవవాడును జెప్పిరి. ఎవరియొద్ద నెంత, సంచిలో నెంత యని ప్రశ్న. వర్తకుల సొమ్ము వరుసగ 1, 3, 5, సంచిలో 15. దీనిని సాధించుట పదవ తరగతి బాలునకు గొంత శ్రమయే. సరిచూచుట మాత్రము మూడవ తరగతి బాలుడైన జేయగలడు. మొదటివానికి సంచి నిచ్చినచో 16, తక్కిన యిద్దఱికి 8, రెట్టింపు సరిపోయినది. రెండవవానికి 18, తక్కిన వారికి 6, మూడు రెట్లు. మూడవవానికి 20, తక్కిన వారికి 4, అయిదు రెట్లు. సాధించుటకు పుటయంతయు బట్టునది సరిచూచుటకు మూడు పంక్తులు చాలును. ఇవే యంకెలను రెట్టించి 2, 6, 10 అనియు, సంచి 30 అనియు జెప్పినను సరియే; అడిగినవాడు సొమ్ము మొత్తమును నిర్ణయింపలేదు గదా. ఈ చిన్నమాటను నేను జాలకాలము సరిగా గ్రహింపలేదు. అదియే నా సొంతకారణము.

నా యుద్యోగకాలమున ఒక పాఠశాలలో గణితోపాధ్యాయుని స్థానము ఒక సంవత్సరము ఖాళీగ నుండెను. సంస్కృతము చదివిన నాకు పదవ తరగతి లెక్కలు అప్పగింపబడెను. సమాధానముల పట్టీని మేజాలో దాచుకొని పాఠము చెప్పిన దినములవి. మూడు మాసముల పరీక్షకు ప్రశ్నపత్రము కూర్చునపుడు నా పాండిత్యమును జూపుకొను కోరిక పుట్టి, మహావీరుని శ్లోకమునొకదానిని తెలుగుచేసి చివరి ప్రశ్నగ నుంచితిని. 3 పణములకు 5 పావురములు, 5 పణములకు 7 బెగ్గురుపక్షులు, 7 పణములకు 9 హంసలు, 9 పణములకు 3 నెమళ్లు. రాజకుమారుని వినోదార్థము 100 పణములతో 100 పక్షులను దేవలయును, ఏవి యెన్ని? నాయొద్ద నున్న పుస్తకమున 15 పావురములు, 28 బెగ్గురులు, 45 హంసలు, 12 నెమళ్లు అని యుండెను. వెల వరుసగ 9, 20, 35, 36 పణములు. పక్షులును నూఱు, పణములును నూఱు.

తరగతిలో నొక్కడే ఆ ప్రశ్నను ముట్టెను. వెనుక వరుసలో గూర్చుండు బాలుడు. సాయంకాలము పశువులను తోలుకొని పోవువాడు. వాడు 55 పావురములు, 21 బెగ్గురులు, 9 హంసలు, 15 నెమళ్లు అని వ్రాసెను. నేను పట్టీతో బోల్చి, కలియనందున ఎఱ్ఱసిరాతో గొట్టివేసితిని. మఱునాడు వాడు కాగితము పట్టుకొని నా బల్లయొద్దకు వచ్చి, కూడిక చేసి చూపబోయెను. పుస్తకములోని జవాబు వేఱుగ నున్నదని చెప్పి వానిని పంపివేసితిని. వాడు మాఱు పలుకక తనచోటికి బోయి కూర్చుండెను. ఆ పిమ్మట ఆ సంవత్సరమంతయు నా ప్రశ్నలకు వాడు చేయి యెత్తిన జ్ఞాపకము లేదు.

పెక్కేండ్లకు మల్లనను గూర్చి యొకచోట నుపన్యసింపవలసి వచ్చి, ఆ లెక్కను మరల దీసి, ఈసారి పట్టీ లేకుండ స్వయముగ జేసితిని. ఒక్కొక్క జాతిని అమ్మకపు కట్టలుగ భావింపుడు: పావురముల కట్టకు 5, బెగ్గురుల కట్టకు 7, హంసల కట్టకు 9, నెమళ్ల కట్టకు 3. నూఱు పక్షులలో నుండి నూఱు పణములను దీసివేసినచో మిగులునది సున్న. మొదటి మూడు జాతులలో కట్టకు రెండేసి పక్షులు పణములకంటె అధికము. నెమళ్ల కట్టలో ఆఱు పక్షులు తక్కువ. కావున మొదటి మూడు జాతుల కట్టల మొత్తము నెమళ్ల కట్టలకు మూడురెట్లు గావలయును. అది తెలిసినచో వెదకుట సులభము. కట్టలను విఱువకుండ, ప్రతి జాతిలో నొక్క కట్టయైన నుండవలెనన్నచో, నెమళ్ల కట్టలు నాలుగైనపుడు నాలుగు సమాధానములు, అయిదైనపుడు రెండు, వెరసి ఆఱు వచ్చినవి. వానిలో నొకటి ఆ బాలునిది: 55 పావురములకు 33 పణములు, 21 బెగ్గురులకు 15, 9 హంసలకు 7, 15 నెమళ్లకు 45; మొత్తము నూఱు. మహావీరుని పద్ధతిలోనే గుణకములను ఇచ్ఛానుసారము గ్రహించుట గలదు. శ్లోకమును తెనిగించిన నేను సూత్రమును మాత్రము చదువక వదలితిని. అప్పటికి ఆ బాలుడెచ్చట నున్నాడో విచారించితిని. వారి కుటుంబము ఆ గ్రామమును విడిచి చాల సంవత్సరములైనదని తెలిసినది. వానికి రావలసిన మార్కులు నాయొద్దనే నిలిచిపోయినవి.

మఱల మల్లన యొద్దకు వత్తము. ఆతని పేరు సామాన్యజనులలో నిలుచుటకు గారణము చదరంగపు లెక్క. అఱువదినాలుగు గళ్లలో మొదటిగడి కొక గింజ, రెండవదానికి రెండు, మూడవదానికి నాలుగు, ఇట్లు రెట్టించుకొనుచు బోయినచో వచ్చు మొత్తమును మల్లన యొక్క పద్యములో నిమిడ్చెను. ఆ సంఖ్య 18446744073709551615. ఇరువది యంకెల ఈ సంఖ్యను అంకెలతో గాక మాటలతో జెప్పెను. చంద్రుడన్న 1, వేదములన్న 4, బాణములన్న 5, పర్వతములన్న 7, ఏనుగులన్న 8, ఆకాశమన్న సున్న. ఒకట్ల స్థానము మొదట జెప్పి ఎడమవైపుగ నడచుట సంప్రదాయము. మన పూర్వులు ఇది కేవలము చమత్కారమునకు జేసిరని కొందఱు తలతురు. తాళపత్రమున అంకె నొక్కదానిని లేఖకుడు తప్పు వ్రాసినచో పట్టుకొనుటకు దారి లేదు; పద్యమున నొక మాట జాఱినచో గణము చెడి, యతి తప్పి, చదువువాని చెవికే తెలిసిపోవును. ఛందస్సే యచట కావలికాడు.

ఆ సంఖ్యను సరిచూచుట యెట్లు? అఱువదినాలుగు పర్యాయములు రెట్టింపనక్కఱలేదు. ముప్పదిరెండు పర్యాయములు రెట్టించినచో 4294967296 వచ్చును. దానిని దానితోనే గుణించి ఒకటి తీసివేసినచో మల్లన సంఖ్య. అంతటి గుణకారమునకును ఓపిక లేనివారికి తొమ్మిదులను తీసివేయు పద్ధతి యున్నది. మల్లన సంఖ్యలోని యంకెలను గూడినచో 87. 8, 7 కూడిన 15. 1, 5 కూడిన 6. ఇక రెండును ఆఱు పర్యాయములు వేసి గుణించిన 64. తొమ్మిదిచే భాగించిన శేషము 1. అఱువది పర్యాయములు గుణించినను శేషము 1 యే. మిగిలిన నాలుగింటికి 16, శేషము 7. అందుండి ఒకటి తీసిన 6. రెండును గలసినవి. ఈ పరీక్ష తప్పును పట్టును గాని ఒప్పును నిర్ధారింపదు. రెండంకెలు తారుమాఱైనచో దీనికి దెలియదు. 71 వ్రాయవలసినచోట 17 వ్రాసిన బాలుడు ఈ పరీక్షలో సుఖముగ నెగ్గిపోవును. కావున నొకే పరీక్షను నమ్ముకొనరాదని నా శిష్యులకు జెప్పుచుండెడివాడను. పట్టీని నమ్ముకొన్న నాకు ఆ మాట చెప్పు నర్హత యెంతయో అప్పుడు తోచలేదు.

మహావీరుడు కంఠాభరణములని కొన్ని గుణకారములను జెప్పెను. 152207 ను 73 చే గుణించిన 11111111. 12345679 ను 9 చే గుణించిన తొమ్మిది ఒకట్లు. 333333666667 ను 33 చే గుణించిన 11000011000011. ఎటునుండి చదివినను నొకటే యగుటచే హారమువలె నుండును. మల్లన ఇట్టివానిని తానును మఱికొన్ని కల్పించి చేర్చెను. చూడ నిది వినోదము. బోధకునకు మాత్రము గొప్ప యుపాయము. గుణకారములో నెచ్చట పొరపడినను హారము తెగిపోవును. గురువు ప్రక్కన లేకున్నను తప్పు శిష్యునికే కనబడును. ఎక్కములు వల్లెవేయించుటకు విసుగు పుట్టిన తరగతిలో ఈ లెక్కలు వేసి చూచితిని. గంట మ్రోగినను లేచినవారు లేరు.

ఆ మహావీరుడే యొకచోట పొరపడెను. సంఖ్యను సున్నచే గుణించిన సున్న యని సరిగ జెప్పి, సున్నచే భాగించినచో ఆ సంఖ్య మాఱక యుండునని వ్రాసెను. భాగహారమును సరిచూచు పద్ధతి మనకెల్లరకు దెలిసినదే: లబ్ధమును భాజకముచే గుణించినచో భాజ్యము రావలెను. 12 ను సున్నచే భాగించిన 12 అయినచో, 12 ను సున్నచే గుణించి 12 రావలెను. ఆయన సూత్రము ప్రకారమే సున్న వచ్చును. తన రెండు సూత్రములను ప్రక్కప్రక్కన నుంచి చూచినచో ఆయనకే తెలిసియుండెడిది. ఆ పిమ్మట మూడువందల యేండ్లకు, 1150 లో, భాస్కరాచార్యుడు లీలావతిలో ఇట్టి రాశికి ఖహరమని వేఱుపేరు పెట్టెను. ఋణసంఖ్యకు వర్గమూలము లేదని మాత్రము మహావీరుడు నిస్సంశయముగ జెప్పెను. ఆ కాలపు గణితమున కది సరియైన మాట.

మల్లన పుస్తకము వ్రాతప్రతులలో నిలిచినది. వేదశాస్త్రములు చదువని వానికిని, పొలము గొలుచువానికిని, వడ్డీ గట్టువానికిని, పద్యము నోటికి వచ్చినచో పుస్తకముతో బనిలేదు. మూలగ్రంథమునకు ఇట్టి భాగ్యము కొంత యాలస్యముగ గలిగెను. మద్రాసు ప్రభుత్వమువారి పక్షమున రంగాచార్యులవారు దానిని ఆంగ్లానువాదముతో 1912 లో ప్రకటించిరి. న్యూయార్కు నగరపు గణితచరిత్రకారుడు డేవిడ్ యూజీన్ స్మిత్ దానికి ఉపోద్ఘాతము వ్రాసెను. పీఠికలో మల్లన తెనిగింపు ప్రస్తావనయు గలదు. ఒక తెలుగు లెక్కలకవి పేరు ఆ విధముగ దూరదేశములకు బోయినది.

పక్షుల లెక్కకు ఆఱు సమాధానములని పైన జెప్పితిని. పుస్తకములోని దొకటి, బాలుని దొకటి వ్రాసితిని. 5 పావురములు, 56 బెగ్గురులు, 27 హంసలు, 12 నెమళ్లు అన్నది మూడవది. తక్కిన మూడింటిని ఈ సంచిక చదువు పిల్లలకు విడిచితిని.